శుక్రుడి నేల మీద 1985 తర్వాత ఎవరూ ఎందుకు దిగలేదు?

మదనపల్లి_మహేష్ | సోమవారం, రాత్రి 9:10

కుజుడి మీద నాసా రోవర్ (చక్రాల బండి) క్యూరియాసిటీ 2012 నుంచి తిరుగుతూనే ఉంది. పర్సివరెన్స్ 2021లో దిగి రాళ్ళు పోగేస్తోంది. మనకు అంతకంటే దగ్గరగా వచ్చే గ్రహం శుక్రుడు. సైజులో దాదాపు మన భూమి అంత. అక్కడి నేల మీద అన్నిటికంటే ఎక్కువసేపు పనిచేసిన రికార్డు సోవియట్ నౌక వెనెరా 13ది. ఎంతసేపు? 127 నిమిషాలు. మన తెలుగు సినిమా అయినా అంతకంటే ఎక్కువసేపు ఆడుతుంది. అది 1982 మార్చి నాటి మాట. 1985 జూన్‌లో సోవియట్ వాళ్ళవే వేగా 1, వేగా 2 ల్యాండర్లు (నేల మీద దిగే భాగాలు) దిగాయి. ఆ తర్వాత ఆ నేల మీద దిగిన నౌక ఒక్కటీ లేదు.

వేడి ఎక్కువ అనే సమాధానం ఎవర్ని అడిగినా చెప్తారు. 1970ల్లోనూ అంతే వేడి కదా? అప్పుడు చేతనైన పని ఇప్పుడెందుకు కావట్లేదు? డబ్బు లేకా, టెక్నాలజీ చాలకా, అసలు ఎవరికీ ఆసక్తి లేకా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ప్రశ్నల_పుట్ట | సోమవారం, రాత్రి 9:24

ఇందులో అంత ఆలోచించేదేముంది బ్రో. అక్కడ సల్ఫ్యూరిక్ యాసిడ్ వాన. దిగిన నౌకలన్నీ కరిగిపోయాయి. కరిగిపోయేదానికి కోట్లు ఎవడు తగలేస్తాడు.

నీహారిక | సోమవారం, రాత్రి 10:02

యాసిడ్ మేఘాలు ఉన్నమాట నిజం. కానీ అవి నేల నుంచి సుమారు 48 కిలోమీటర్ల ఎత్తులో మొదలై 70 కిలోమీటర్ల దాకా ఉంటాయి. అందులోంచి రాలే చుక్కలు కిందికి వచ్చేకొద్దీ వేడికి ఆవిరైపోతాయి. నేల దాకా ఒక్క చుక్క కూడా చేరదు.

నేల దగ్గర ఉండేది 96.5 శాతం కార్బన్ డయాక్సైడ్. వేడి 460 డిగ్రీలకు అటూ ఇటూ, పీడనం మన దగ్గరి కంటే 90 రెట్లు. ఆ పరిస్థితిలో కార్బన్ డయాక్సైడ్ వాయువూ కాదు, ద్రవమూ కాదు. సూపర్‌క్రిటికల్ అంటారు. సాంద్రత మన గాలికి 50 రెట్లకు పైనే. అక్కడ నెమ్మదిగా వీచే గాలి కూడా గట్టిగా నెడుతుంది.

ఏ వెనెరా కూడా కరిగిపోలేదు. వాటి టైటానియం గోళాలు ఇప్పటికీ అక్కడే పడి ఉంటాయి. ఆగిపోయింది లోపలున్న ఎలక్ట్రానిక్స్.

బాయిలర్_బాబాయ్ | సోమవారం, రాత్రి 10:40

నీహారిక అమ్మాయి చెప్పిన చివరి వాక్యం దగ్గరే అసలు సంగతి ఉంది. నేను సర్వీసంతా థర్మల్ పవర్ స్టేషన్లో చేసినవాణ్ణి కాబట్టి అంకెలు చెప్తాను. 500 మెగావాట్ల యూనిట్లో టర్బైన్‌కి వెళ్ళే ఆవిరి సుమారు 170 బార్లు (ఒక బారు అంటే దాదాపు మన గాలి పీడనం), 540 డిగ్రీలు. అంటే శుక్రుడి నేల కంటే పీడనం దాదాపు రెట్టింపు, వేడి ఇంకో 80 డిగ్రీలు ఎక్కువ. ఆ పైపులు ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ ఆ ఆవిరిని మోస్తాయి. కాబట్టి ఆ పీడనానికి, ఆ వేడికి తట్టుకునే డబ్బా చేయడం ఎవరికీ కొత్త విద్య కాదు.

అయితే మా ప్లాంటులో ఇంకో పని చేస్తాం. ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌మిటర్‌ని పైపు మీద పెట్టం. సన్నటి ఇంపల్స్ లైను లాగి, దూరంగా చల్లగా ఉన్న చోట ర్యాక్‌లో బిగిస్తాం. కంట్రోల్ రూంలో అయితే ఏసీ. వేడి ఉన్న చోట లోహం మాత్రమే ఉంటుంది, తెలివి ఉన్న సామానంతా చల్లటి చోట ఉంటుంది. శుక్రుడి మీద ఆ చల్లటి చోటు ఎక్కడా లేదు. రాత్రి పూట కూడా చల్లబడదు, ధ్రువాల దగ్గరా చల్లబడదు. వచ్చిన చిక్కంతా అదే.

చిప్_చిన్నా | సోమవారం, రాత్రి 11:15

బాబాయ్ గారూ, సరిగ్గా చెప్పారు. మామూలు సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. సీసం 327కి, జింకు దాదాపు 420కి. అంటే శుక్రుడి నేల మీద ఇవన్నీ ద్రవాలే. చిప్ సంగతి ఇంకా ఘోరం. సిలికాన్ 200 డిగ్రీలు దాటేసరికి లీకేజీ పెరిగి, ఆఫ్‌లో ఉండాల్సిన ట్రాన్సిస్టర్ కూడా కరెంటు వదులుతుంది. ప్రత్యేకంగా తయారుచేస్తే 300 దాకా లాక్కురావచ్చు. 460కి మాత్రం సిలికాన్ పనికిరాదు.

మదనపల్లి_మహేష్ | మంగళవారం, ఉదయం 7:05

మరి 127 నిమిషాలు ఎలా లాగారు? ఎవరైనా మొదటి నుంచీ చెప్తారా? తొందరేం లేదు.

నీహారిక | మంగళవారం, ఉదయం 9:30

మొదటి నుంచీ అంటే 1967 దగ్గర ఆరంభించాలి మహేష్ గారూ. అంతకుముందు 1962 డిసెంబరు 14న అమెరికా మెరైనర్ 2 పక్కనుంచి వెళ్తూ శుక్రుడు బాగా వేడి అని చెప్పింది. అయినా నేల సంగతి రూఢిగా ఎవరికీ తెలియదు. నీళ్ళు ఉండొచ్చనే ఆశ ఇంకా చావలేదు. అందుకే వెనెరా 4 క్యాప్సూల్‌ను నీళ్ళలో పడినా తేలేలా చేశారు. దాని యాంటెనాకు చక్కెరతో చేసిన లాకు పెట్టారు. నీళ్ళలో పడితే చక్కెర కరిగి యాంటెనా తెరుచుకోవాలని ప్లాను.

1967 అక్టోబరు 18న అది శుక్రుడి వాతావరణంలోకి దిగింది. ఇంకో గ్రహపు గాలి లోపలి నుంచి కొలతలు రావడం అదే మొదటిసారి. గాలిలో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్ అని తేల్చింది అదే. సిగ్నల్ ఆగిపోగానే నేలను చేరిందని మాస్కో ప్రకటించింది. మర్నాడే మెరైనర్ 5 పక్కనుంచి వెళ్ళింది. రెండు నౌకల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, వెనెరా 4 నేల చేరలేదు, సుమారు 25 కిలోమీటర్ల ఎత్తులోనే మూగబోయిందని తేలింది. 1969లో వెనెరా 5, 6 కూడా నేల చేరకముందే ఆగిపోయాయి.

అప్పుడు చేసిందే వెనెరా 7. ఈసారి ఏకంగా మన గాలి పీడనానికి 180 రెట్లు తట్టుకునేలా టైటానియంతో కట్టారు. 1970 డిసెంబరు 15న దిగుతుండగా పారాచూట్ పాడైంది. ఆఖరి భాగంలో దాదాపు రాయిలా పడింది. సిగ్నల్ పోయింది, పని అయిపోయిందనుకున్నారు. తర్వాత టేపులు మళ్ళీ తిరగేస్తే, రొదలో కలిసిపోయిన అతి బలహీనమైన సిగ్నల్ 23 నిమిషాల పాటు కనిపించింది. క్యాప్సూల్ పక్కకు ఒరిగి యాంటెనా వేరే వైపు తిరిగి ఉండవచ్చు. దానికితోడు లోపల ఒక స్విచ్ ఇరుక్కుపోయి ఉష్ణోగ్రత ఒక్కటే పంపింది, 475 డిగ్రీలు. మరో గ్రహం నేల మీద దిగి సమాచారం పంపిన మొదటి నౌక ఇదే. చంద్రుడి మీదికి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెళ్ళిన మరుసటి ఏడాది ఇది జరిగింది. ఆ సంగతి ఎవరికీ పెద్దగా గుర్తుండదు, నాకు అదొక బాధ.

ప్రశ్నల_పుట్ట | మంగళవారం, ఉదయం 9:52

దిగడమే పక్కకి పడి దిగింది, దానికి ఇంత బిల్డప్పా 😀

బాయిలర్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 10:20

తమ్ముడూ, రొదలోంచి ఆ 23 నిమిషాలను పట్టుకున్నవాడి ఓపిక నీకు తెలియదు. ఆ రోజుల్లో కంప్యూటర్ మీద బటన్ నొక్కితే ఫిల్టర్ అయ్యేది కాదు.

నీహారిక | మంగళవారం, మధ్యాహ్నం 1:45

కొనసాగింపు. 1972లో వెనెరా 8 నేల మీద 50 నిమిషాలు పనిచేసింది. అందులో కాంతిని కొలిచే పరికరం ఉంది. అన్ని మేఘాల కింద ఫోటో తీసేంత వెలుతురు ఉంటుందా అనేది అప్పటి పెద్ద సందేహం. ఉంటుందని తేలింది. ఆ ధైర్యంతోనే వెనెరా 9, 10లకు కెమెరాలు పెట్టారు. 1975 అక్టోబరు 22న వెనెరా 9 పంపిన చిత్రమే ఇంకో గ్రహం నేల మీదినుంచి వచ్చిన మొట్టమొదటి ఫోటో. కుజుడి మీద వైకింగ్ ఫోటోలకు ఇది తొమ్మిది నెలలు ముందు.

మహేష్ గారి ప్రశ్నకు జవాబు ఈ నౌకల డిజైన్లో ఉంది. పారాచూట్ ఉంటే దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతసేపూ లోపలికి వేడి ఎక్కుతూనే ఉంటుంది. కాబట్టి దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తులోనే పారాచూట్ వదిలేశారు. అక్కడి నుంచి నౌక చుట్టూ ఉన్న ఒక లోహపు పళ్ళెమే బ్రేకు. గాలి అంత చిక్కగా ఉంటుంది కాబట్టి అది చాలు. సెకనుకు 7, 8 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఆ దెబ్బను కింద ఉన్న గుండ్రటి రింగు నలిగి తీసుకుంటుంది.

ఇక వేడి సంగతి. శుక్రుడి గాలిలోకి వెళ్ళేముందే ల్యాండర్ లోపలి భాగాన్ని సున్నా కంటే కిందికి చల్లబరిచేవారు. గోళం చుట్టూ మందంగా ఇన్సులేషన్. లోపల లిథియం నైట్రేట్ ట్రైహైడ్రేట్ అనే లవణం. అది 30 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరుగుతున్నంతసేపూ వేడిని మింగుతుంది, ఉష్ణోగ్రత పెరగనివ్వదు. మొత్తం కరిగిపోయాక లోపల వేడి ఎక్కడం మొదలవుతుంది. చల్లబరిచే యంత్రం ఏదీ అందులో లేదు. ముందే దాచిపెట్టుకున్న చల్లదనాన్ని ఖర్చుపెట్టుకోవడమే. వెనెరా 13కి డిజైన్‌లో ఇచ్చిన గడువు 32 నిమిషాలు. దానికి నాలుగు రెట్లు పనిచేసింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ల్యాండర్ నేరుగా భూమికి మాట్లాడదు. తనను తెచ్చిన పెద్ద నౌక పైనుంచి వెళ్తూ దాని సిగ్నల్ అందుకుని భూమికి పంపుతుంది. 1978లో వెనెరా 12 ల్యాండర్ 110 నిమిషాలు పనిచేశాక ఆ నౌక అందనంత దూరం వెళ్ళిపోయింది. ఇంకా బతికే ఉన్నా వినేవాళ్ళు లేరు.

చిప్_చిన్నా | మంగళవారం, మధ్యాహ్నం 2:10

లెన్స్ మూతల కథ వదిలేశారేంటి మేడమ్! వెనెరా 9, 10లలో రెండేసి కెమెరాలుంటే ఒక్కో నౌకలో ఒక్కో మూత ఊడలేదు, సగం దృశ్యమే వచ్చింది. వెనెరా 11, 12లలో అయితే ఒక్క మూత కూడా ఊడలేదు. రెండు నౌకలు అంత దూరం వెళ్ళి ఒక్క ఫోటో కూడా తీయలేకపోయాయి. 13, 14లలో ఎట్టకేలకు మూతలన్నీ ఊడాయి, రంగుల ఫోటోలు వచ్చాయి. కానీ వెనెరా 14లో ఊడిన మూత ఒకటి వెళ్ళి, నేల ఎంత గట్టిగా ఉందో నొక్కి చూడాల్సిన చెయ్యి కింద సరిగ్గా పడింది. ఆ చెయ్యి శుక్రుడి నేల బదులు సొంత మూత గట్టితనాన్ని కొలిచింది. ఫోటోలో ఇప్పటికీ చూడొచ్చు.

మా ఆఫీసులో టెస్టింగ్ వాళ్ళకు ఈ కథ చెప్తే నవ్వలేదు, గంభీరంగా తలూపారు.

ప్రశ్నల_పుట్ట | మంగళవారం, సాయంత్రం 6:30

ఆ ఫోటోల్లోనే తేలు లాంటిది కదిలిందని యూట్యూబ్‌లో చూశా. రష్యా సైంటిస్టే చెప్పాడట. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? జీవం ఉందని తెలిసే దాచిపెట్టి, మళ్ళీ వెళ్ళట్లేదేమో.

నీహారిక | మంగళవారం, సాయంత్రం 7:12

2012లో వెనెరా మిషన్లలో పనిచేసిన ఒక శాస్త్రవేత్తే అలా రాశారు, ఆ మాట నిజమే. కానీ ఆయన 'కదిలింది' అన్నవాటిలో ఒకటి పైన చిన్నా చెప్పిన లెన్స్ మూతే. రెండు కెమెరాలకు రెండు మూతలు, రెండు చోట్ల కనిపిస్తే ఒకటే కదిలిందనుకున్నారు. మిగతావి సిగ్నల్‌లో రొద. కాపీ మీద కాపీ తీసిన చిత్రాల్లో అవి ఇంకా స్పష్టమైన ఆకారాల్లా కనిపిస్తాయి. మూల డేటా దగ్గరికి వెళ్తే మాయమవుతాయి. 460 డిగ్రీల వేడిలో తేలు అంటే, దాని ఒంట్లో నీళ్ళు ఏ స్థితిలో ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి.

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 7:40

తేళ్ళ చర్చ ఇక్కడితో ఆపుదాం. కావాలంటే వేరే థ్రెడ్ మొదలుపెట్టుకోండి. మహేష్ గారి ప్రశ్న: మళ్ళీ ఎందుకు దిగలేదు?

సూళ్ళూరుపేట_శీను | మంగళవారం, రాత్రి 8:25

మా ఊరి పక్కనుంచే వెళ్ళబోతోంది కాబట్టి నేనూ ఒక మాట. మన ఇస్రో శుక్రుడి మిషన్‌కి కేంద్ర కేబినెట్ 2024 సెప్టెంబరులో 1,236 కోట్లు ఇచ్చింది. 2028 మార్చిలో శ్రీహరికోట నుంచి ప్రయోగం అని చెప్పారు. టీవీల్లో 'శుక్రుడిపై అడుగు' అని వేస్తున్నారు గానీ అది ఆర్బిటర్ మాత్రమే. చుట్టూ తిరుగుతూ రాడార్‌తో చూస్తుంది, దిగదు. మంచి అవకాశం సుమారు 19 నెలలకోసారి వస్తుంది. ఒకటి తప్పితే మళ్ళీ అంతకాలం ఆగాలి.

దిగమని అడిగేవాళ్ళకు నా ప్రశ్న: ముందు చుట్టూ తిరగడం సరిగ్గా రావాలి కదా? జపాన్ అకాట్సుకి చూడండి. 2010 డిసెంబరులో శుక్రుడి దగ్గర ఇంజన్ మధ్యలో ఆగిపోయి దాటిపోయింది. ఐదేళ్ళు సూర్యుడి చుట్టూ తిప్పి, పెద్ద ఇంజన్ పోయినా చిన్న థ్రస్టర్లతోనే 2015 డిసెంబరు 7న కక్ష్యలోకి పెట్టారు. ఆ తర్వాత 2024 దాకా పనిచేసింది. వాళ్ళ మొండితనానికి దండం.

మదనపల్లి_మహేష్ | మంగళవారం, రాత్రి 9:00

శీను అన్నా, పోయిన ఏడాది మే నెలలో ఏదో రష్యా శుక్రుడి నౌక భూమ్మీద పడుతుందని హడావిడి చేశారు, అది కూడా ఇందులోదేనా?

సూళ్ళూరుపేట_శీను | మంగళవారం, రాత్రి 9:22

అదే, కాస్మోస్ 482. 1972 మార్చి 31న, వెనెరా 8 వెళ్ళిన నాలుగు రోజులకు ప్రయోగించారు. భూమి కక్ష్య దాటలేకపోయింది. దాని ల్యాండర్ క్యాప్సూల్ 53 ఏళ్ళు మన చుట్టూ తిరిగి 2025 మే 10న పడింది. హిందూ మహాసముద్రంలో, జకార్తాకు పడమర అని రష్యా చెప్పింది. బరువు దాదాపు అర టన్ను. మామూలు శాటిలైట్ అయితే గాలిలోనే కాలి బూడిదవుతుంది. ఇది శుక్రుడి గాలిలోకి దూసుకెళ్ళడానికి కట్టింది, కాబట్టి ముక్కలవకుండా కిందికి రావచ్చనే భయం. ఆ రాత్రి నేను ట్రాకర్ మ్యాపులు చూస్తూ కూర్చున్నా, మన మీదుగా కూడా గీత వెళ్తుంటే కాస్త టెన్షన్.

బాయిలర్_బాబాయ్ | బుధవారం, ఉదయం 6:50

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మళ్ళీ దిగకపోవడానికి కారణం శుక్రుడు కాదు, సోవియట్ యూనియన్ కూలిపోవడం. 1965 నుంచి ఈ నౌకలన్నీ కట్టింది లావోచ్కిన్ సంస్థ. మొదట్లో అన్నీ వైఫల్యాలే. ఒకదాని తప్పు ఇంకోదానిలో దిద్దుకుంటూ, ప్రతి అవకాశానికీ రెండేసి నౌకలు పంపుతూ పదిహేనేళ్ళలో విద్య పట్టారు. తర్వాత వాళ్ళ దృష్టి కుజుడి వైపు మళ్ళింది. 1988లో ఫోబోస్ నౌకలు, రెండూ మధ్యలోనే పోయాయి. 1996లో మార్స్ 96 భూమి కక్ష్య కూడా దాటలేదు. వెనెరా-డి అని రష్యా కొత్త శుక్రుడి ల్యాండర్ ప్లాను చాలా ఏళ్ళుగా కాగితం మీద ఉంది, ఎప్పుడూ వాయిదానే. పని తెలిసిన చేతులు రిటైరైపోతే డ్రాయింగులు ఎన్ని ఉన్నా లాభం లేదు. మా ప్లాంటులోనూ చూశాను, పాత వెల్డర్ వెళ్ళిపోయాక అదే ట్యూబు మూడుసార్లు లీకైంది.

నీహారిక | బుధవారం, ఉదయం 9:15

బాబాయ్ గారూ, సగం ఒప్పుకుంటాను. మిగతా సగం సైన్స్ ప్రశ్నలు మారడం. ల్యాండర్ ఒక గంటలో ఒకే ఒక్క చోటు గురించి చెప్తుంది. ఆ రాయి బసాల్టు (లావా చల్లారి ఏర్పడే రాయి) లాంటిదని వెనెరా 13, 14లు చెప్పాయి. మంచిదే. కానీ మొత్తం గ్రహం మీద అగ్నిపర్వతాలు ఎన్ని, పగుళ్ళు ఎక్కడ, నేల వయసెంత, ఇవన్నీ తెలియాలంటే పైనుంచి రాడార్ కావాలి. 1989లో బయల్దేరిన అమెరికా నౌక మెగెలాన్ ఆ పని చేసింది. నేలలో 98 శాతం మ్యాపు గీసింది. ఆ డేటాలో ఇంకా కొత్త సంగతులు దొరుకుతున్నాయి. 1991లో ఎనిమిది నెలల తేడాతో తీసిన రెండు చిత్రాలను 2023లో ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన పెట్టి చూశారు. మాట్ మాన్స్ అనే అగ్నిపర్వతం దగ్గర ఒక బిలం రెండు చదరపు కిలోమీటర్ల నుంచి నాలుగు దాకా పెరిగింది, ఆకారం మారింది. అంటే ఆ మధ్యలో అక్కడ ఏదో పొంగింది. డేటా మూడు దశాబ్దాలు ఊరికే ఉంది, చూసేవాళ్ళు లేక. నేను కూడా రాడార్ చిత్రాలతోనే పనిచేస్తాను కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుంది, ఆ లెక్కన తీసుకోండి.

నాసా వైపు చూస్తే, కుజుడి మీద జీవం ఉండి ఉండొచ్చనే ఆశ ఉంది, దిగిన రోవరు ఏళ్ళ తరబడి డేటా పంపుతుంది. ఒకే బడ్జెట్‌లో పదేళ్ళ రోవరా, రెండు గంటల ల్యాండరా అంటే కమిటీ దేనికి ఓటేస్తుందో చెప్పనక్కర్లేదు.

చిప్_చిన్నా | బుధవారం, మధ్యాహ్నం 12:40

అయితే రెండు గంటలు కాకుండా రెండు నెలలు ఉండేలా చేస్తే? సిలికాన్ బదులు సిలికాన్ కార్బైడ్. నాసా గ్లెన్ కేంద్రంలో శుక్రుడి నేలను అనుకరించే గది ఉంది. అంతే వేడి, అంతే పీడనం, అవే వాయువులు. అందులో సిలికాన్ కార్బైడ్ సర్క్యూట్లను ఏ రక్షణా లేకుండా, చల్లబరచకుండా పెడితే 521 గంటలు పనిచేశాయి. దాదాపు 22 రోజులు. పరీక్ష ఆపారు కాబట్టి అక్కడితో లెక్క ఆగింది. వాటితో ఒక చిన్న వాతావరణ కేంద్రం కట్టాలని ప్రయత్నం, నేల మీద 60 రోజులు ఉండేలా. అక్కడ ఒక పగలూ రాత్రీ కలిపి మన లెక్కలో 117 రోజులు కాబట్టి 60 రోజులంటే ఒక పూట మార్పు చూడొచ్చు.

తలనొప్పి ఏంటంటే, అలాంటి చిప్‌లో పట్టేవి కొన్ని వందల ట్రాన్సిస్టర్లు. 1971 నాటి ఇంటెల్ 4004 చిప్‌లోనే 2,300 ఉన్నాయి. కెమెరా మర్చిపోండి. ఉష్ణోగ్రత, పీడనం, గాలి వేగం కొలిచి పంపుతుంది, అంతే.

మదనపల్లి_మహేష్ | బుధవారం, మధ్యాహ్నం 1:05

ఫ్రిజ్ పెట్టి లోపల చల్లగా ఉంచలేమా? న్యూక్లియర్ బ్యాటరీ ఉంది కదా, క్యూరియాసిటీకి ఉన్నట్టు.

బాయిలర్_బాబాయ్ | బుధవారం, మధ్యాహ్నం 3:30

లెక్క వేద్దాం బాబూ. లోపల 50 డిగ్రీలు, బయట 460. ప్రకృతి నియమం ఒప్పుకునే అత్యుత్తమ ఫ్రిజ్ అయినా ఒక వాట్ వేడి బయటికి తోయడానికి 1.27 వాట్ల పని చేయాలి. నిజంగా కట్టే యంత్రానికి అంతకు కొన్ని రెట్లు. ఇన్సులేషన్ ఎంత బాగా చేసినా లోపలికి కారే వేడి వందల వాట్లలో ఉంటుంది. చుట్టూ ఉన్నది శూన్యం కాదు, చిక్కటి వాయువు. తీగలు, కిటికీలు, కాళ్ళు ప్రతిదీ వేడిని మోసుకొస్తుంది. క్యూరియాసిటీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చింది 110 వాట్లు. అదీ చుట్టూ చల్లగా ఉంటేనే. వేడి వైపుకీ చల్లటి వైపుకీ తేడా వల్లే దానికి కరెంటు పుడుతుంది. శుక్రుడి మీద చల్లటి వైపే 460. ఆ తేడా సగానికి పైగా పోతుంది. సోలార్ అంటారా, ఆ మేఘాలన్నీ దాటి నేలకు చేరే వెలుతురు బాగా తక్కువ.

చేయలేరని అనను. ప్రత్యేకంగా స్టిర్లింగ్ ఇంజన్‌తో (బయటి నుంచి ఇచ్చే వేడితో నడిచేది) డిజైన్లు గీసినవాళ్ళున్నారు. ఖర్చు మాత్రం ఆకాశంలో ఉంటుంది.

సూళ్ళూరుపేట_శీను | బుధవారం, సాయంత్రం 5:15

అయితే దిగడం మానేసి పైన తేలితే? బెలూన్ మాట ఎవరూ ఎత్తరేం?

నీహారిక | బుధవారం, సాయంత్రం 6:40

నా మనసులో మాట అడిగారు శీను గారూ. వేగా 1, వేగా 2 ల్యాండర్లతో పాటు ఒక్కో బెలూన్ కూడా వదిలాయి. ఫ్రాన్స్ సహా చాలా దేశాలు కలిసి చేసిన పని. 1985 జూన్‌లో 54 కిలోమీటర్ల ఎత్తులో ఒక్కొక్కటీ 46 గంటలకు పైగా తేలాయి, గాలికి కొట్టుకుపోతూ 11 వేల కిలోమీటర్ల దూరం వెళ్ళాయి. ఆ ఎత్తులో పీడనం మన దగ్గర ఉన్నదానిలో సగం, వేడి మన వేసవి అంతే. యాసిడ్ చుక్కలకు తట్టుకునే పూత మాత్రం కావాలి. బ్యాటరీ అయిపోయాక సిగ్నల్ ఆగింది. అప్పటి నుంచి ఇంకో బెలూన్ కూడా వెళ్ళలేదు. ల్యాండర్ లేకపోవడం కంటే నాకు ఇదే వింతగా ఉంటుంది. 2020లో మేఘాల్లో ఫాస్ఫీన్ వాయువు (జీవానికి గుర్తు కావచ్చంటారు) దొరికిందని ఒక బృందం ప్రకటించినప్పుడు ఎంత గొడవ జరిగింది! కాదన్నవాళ్ళూ, ఔనన్నవాళ్ళూ ఇంకా టెలిస్కోపులతో వాదించుకుంటూనే ఉన్నారు. ఆ మేఘాల్లో వారం తేలే చిన్న పరికరం ఒకటి ఉంటే ఆ వాదనకు చాలావరకు తెరపడుతుంది.

బాయిలర్_బాబాయ్ | బుధవారం, రాత్రి 7:20

బెలూన్ రాయిని తాకదు కదమ్మా. నేల వయసు, నీళ్ళు ఎప్పుడైనా ఉన్నాయా అనేవి రాయిలోనే ఉంటాయి.

నీహారిక | బుధవారం, రాత్రి 7:48

గాలిలో కూడా కొంత ఉంటుంది బాబాయ్ గారూ. అక్కడి హైడ్రోజన్‌లో బరువైన రకం, అదే డ్యుటీరియం, భూమి మీదకంటే వంద రెట్లకు పైగా ఎక్కువ. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతే బరువైనది మిగిలిపోయిందని, అంటే ఒకప్పుడు నీళ్ళు ఎక్కువే ఉండి ఉంటాయని అర్థం. 1978లో అమెరికా పయనీర్ వీనస్ ప్రోబ్ (గాలిలోంచి కిందికి పడుతూ కొలిచే పరికరం) దాన్ని కొలిచింది. అవి ఎంత ఉండేవి, సముద్రాలుగా ఉన్నాయా ఆవిరిగానే ఉన్నాయా అనేది తేలాలంటే జడ వాయువులను కచ్చితంగా కొలవాలి. నాసా ప్లాను చేసిన డావిన్సి మిషన్ ఆ పనికే.

మదనపల్లి_మహేష్ | బుధవారం, రాత్రి 8:10

డావిన్సి దిగుతుందా మరి?

నీహారిక | బుధవారం, రాత్రి 8:35

దిగుతుందనే అనాలి, కానీ దిగడం దాని పని కాదు. 2021 జూన్‌లో నాసా రెండు మిషన్లు ఎంపిక చేసింది, డావిన్సి, వెరిటాస్. వెరిటాస్ రాడార్ ఆర్బిటర్. అదే నెలలో ఐరోపా వాళ్ళు ఎన్విజన్ ఆర్బిటర్‌ను ఎంచుకున్నారు. డావిన్సిలో దాదాపు మీటరు వెడల్పున్న టైటానియం గోళం ఉంటుంది. ఆల్ఫా రీజియో అనే కొండ ప్రాంతం మీదికి సుమారు గంటసేపు కిందికి పడుతూ గాలిని రుచి చూస్తుంది, ఫోటోలు తీస్తుంది. నేలను తాకాక బతికి ఉంటే ఇంకో 17, 18 నిమిషాలు బోనస్. 2025లో వైట్ హౌస్ బడ్జెట్ ప్రతిపాదనలో రెండు అమెరికా మిషన్లనూ రద్దు జాబితాలో పెట్టారు. కాబట్టి ఇవి ఎగిరేదాకా తేదీల మీద నేను పందెం కాయను.

చిప్_చిన్నా | బుధవారం, రాత్రి 9:05

నేలను తాకాక బతకడం మాట వస్తే, 1978 పయనీర్ వీనస్ చిన్న ప్రోబుల్లో ఒకటి అలాగే చేసింది. దిగడానికి కట్టనే లేదు, పారాచూట్ కూడా లేదు. అయినా నేలను తాకి 67 నిమిషాలు సిగ్నల్ పంపింది. అమెరికా వాళ్ళు ల్యాండర్ కట్టకుండానే శుక్రుడి మీద దిగారన్నమాట.

బాయిలర్_బాబాయ్ | బుధవారం, రాత్రి 9:40

అదే మిషన్లో ఇంకొకటి జరిగింది, చాలామంది చెప్పరు. నాలుగు ప్రోబులు నాలుగు వేర్వేరు చోట్ల దిగాయి. ఒకటి పగటి వైపు, ఒకటి రాత్రి వైపు, ఒకటి ఉత్తరాన. అన్నిటిలోనూ బయట పెట్టిన ఉష్ణోగ్రత సెన్సర్లు నేలకు సుమారు 12 కిలోమీటర్ల ఎత్తులో ఒక్కసారిగా పోయాయి. ఒకటి పోతే చెడ్డ సెన్సర్ అనుకుంటాం. నాలుగూ ఒకే ఎత్తులో పోతే, ఆ ఎత్తులో ఏదో ఉందనో, తీగల మీది కవరు ఆ వేడికి ఓడిపోయిందనో అనుకోవాలి. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. మా దగ్గర ఎన్ని కేబుళ్ళు అలా పోయాయో నాకు తెలుసు. డావిన్సి ఎప్పుడెళ్ళినా ఆ 12 కిలోమీటర్లు దాటేటప్పుడు బయటి సెన్సర్ల లైన్లు ఎలా ఉన్నాయో నేను ముందు చూస్తాను, ఫోటోలు తర్వాత.

చిప్_చిన్నా | బుధవారం, రాత్రి 9:52

బాబాయ్ గారూ, ఈసారి కేబుల్ కవరు దేంతో చేయాలో మీరే ఒక మెయిల్ కొట్టండి వాళ్ళకి.

బాయిలర్_బాబాయ్ | బుధవారం, రాత్రి 10:01

సిరామిక్ పూసలు గుచ్చి, పైన స్టీలు తొడుగు. యాభై ఏళ్ళ నాటి పద్ధతే. ఇంకా పనిచేస్తుంది.